మూతి కట్టిన సంచి

"ఇయ్యాల ఈ ఇంట్లో అదన్నా ఉండాలె, నా రాజా అన్నా ఉండాలె!"

అనిల్‌కుమార్ అరుపుకు వాకిట్లో ఆయిల్‌పామ్ గెలలు ట్రాక్టర్‌కెత్తుతున్న పాలేరు దూలయ్య పని ఆపి నిలబడిపోయాడు.

రాజా అంటే అనిల్‌కుమార్ హైదరాబాద్ నుంచి తెచ్చుకుని, హాల్లో అద్దాల పెట్టెలో పెంచుతున్న విదేశీ కొండచిలువ. 'అది' అంటే జున్ను, అతని భార్య సాహిత్య పెంచుకునే పిల్లి. పెట్టె మీది జాలీ మూత పక్కకు జరిగి ఉంది. రాజా తల మీద మూడు గీతలు, అందులో ఒకటి కంటిదాకా. పొద్దున మూత వేసిందీ, గొళ్లెం పెట్టడం మరిచిందీ అనిల్‌కుమారే. ఆ సంగతి మాత్రం అతనికి గుర్తు రాలేదు.

"పది రోజుల నుంచి జున్ను ఆ పెట్టె చుట్టే తిరుగుతున్నది," అంది సాహిత్య, పిల్లిని గుండెకు అదుముకుని. "రెండూ ఒక్క ఇంట్లో ఉండాలంటే పెట్టెకు తాళముండాలె అని మొత్తుకున్న. విన్నరా?"

"దొంగకు తాళమేస్తరు. పిల్లికి తాళమేంది?"

పైకి అట్లా అన్నాడు గాని, పది రోజులన్న మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. జున్నుకు ఉన్నది ఒక్కటే పిల్ల. పది రోజుల కిందట సాహిత్య వైరా పోయిన పూట, ఆ పిల్లను ఎత్తి రాజా పెట్టెలో వేసింది అతనే. రాజా నెల రోజులుగా ఎలుకను ముట్టడం లేదు మరి! సాయంత్రం ఆమె ఇల్లంతా వెతికి ఏడుస్తుంటే, కంచంలో పెరుగు కలుపుకుంటూ, "గద్ద ఎత్తుకపోయింది. నేను చూసిన. దాని రాత గంతే," అన్నాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ లోకం తనను చూడడం లేదనుకుంటుందట. అనిల్‌కుమార్ పిల్లి కాదు గాని, అతని లెక్కా అదే.

"దాన్ని బండకు కొట్టి చంపుత!" అని మీదికొచ్చాడు.

దూలయ్య గడప దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "పిల్లిని చంపొద్దు సారూ, ఆ పాపం ఇంటిని పట్టుకుంటది. మా అడవి దిక్కు గోనెసంచిల కట్టి వాగు దాటిస్తరు."

"తిరిగొస్తే?"

"రాదు. వాగు దాటినంక సంచిని మూడు చుట్లు తిప్పాలె. మూతి విప్పి, ఎనక్కి సూడకుండ రావాలె. మీ కన్నూ దాని కన్నూ కలిసినయంటే మాత్రం మీకన్న ముందే ఇంట్ల ఉంటది."

అనిల్‌కుమార్‌కు ఆ మాట భలే నచ్చింది. చంపితే ఒక్క క్షణంలో పోతుంది. అడవిలో వదిలితే ఆకలికి మాడుతూ, నక్కలకు బెదురుతూ రోజుల తరబడి చస్తుంది. రాజా కంటికి అదే సరైన బదులు.

రాజా గాయానికి మందు పూసి, మూత బిగించి, పెట్టె నిండా దుప్పటి కప్పాడు. "వాడు పండుకుంటడు. ఎవ్వరూ కదపొద్దు," అని కారు తీయడానికి పోయాడు.

"నా పిల్లిని నేనే కట్టిస్త," అంది సాహిత్య. ఆమె కంట్లో తడి లేదు. "మీరు ముట్టుకుంటే రక్కుతది."

కాసేపటికి దూలయ్య సంచిని తెచ్చి డిక్కీలో పెట్టాడు. అనిల్‌కుమార్ దాన్ని ఒకసారి ఎత్తి చూశాడు.

"గింత బరువుందేంది?"

"పోయే జీవి గదా. కడుపు నిండా పెట్టిన," అంది సాహిత్య.

"కిక్కురుమంటలేదు?"

"పిల్ల పోయినకాడి నుంచి జున్నుకు గొంతు లేదు."

అతను నవ్వి, సంచిని పిడికిలితో గట్టిగా ఒక్కటి గుద్దాడు. లోపల ఏదో ముడుచుకుంది.

"కొట్టకండి!" అంది సాహిత్య. "దానిదేం తప్పు?"

కొత్తగూడెం రోడ్డెక్కి, అడవిలో వాగు వంతెన దాటి, టేకు చెట్ల మధ్య కారాపాడు. మిట్టమధ్యాహ్నం, పిట్ట మనిషి లేడు. మూడు చుట్లు చాలవని సంచిని తొమ్మిది చుట్లు గిరగిరా తిప్పాడు. "నా రాజా మీద పంజా ఎత్తుతవా? చావు!" అని కసిదీరా ఒక్క తన్ను తన్నాడు. ముడి విప్పి, మొహం పక్కకు తిప్పుకుని, సంచిని పొదలోకి దులిపేశాడు. ఎండుటాకుల మీద ఏదో పోతున్న చప్పుడైంది. అతను వెనక్కి చూడలేదు. పిల్లి శాపాలకు ఉట్లు తెగుతాయా అనుకుంటూ, దారంతా ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు.

సాహిత్య అప్పుడే కంచం ముందు కూర్చుని ఉంది.

"వెనక్కి చూడలేదు గదా?" అని అడిగింది.

"చూస్తనా? తొమ్మిది చుట్లు తిప్పిన. దాని అబ్బ తరం గాదు ఇల్లు పట్టుకునుడు."

"అవ్. ఇంక రాదు."

రాజా ఎట్లా ఉన్నాడోనని అనిల్‌కుమార్ పెట్టె దగ్గరికెళ్లి దుప్పటి తీశాడు.

పాము కోసం పరిచిన వెచ్చటి కరెంటు చాప మీద జున్ను కాళ్లు బారజాపి నిద్రపోతోంది. దాని మెడలో ఒక చిన్న ఇత్తడి మువ్వ. పిల్ల మెడకు సాహిత్య కట్టిన మువ్వ. ఆ రోజు తొందరలో తీయడం అతను మరిచిన మువ్వ.

"మొన్న పెట్టె కడుగుతుంటే పాము పెంటలో దొరికింది," అంది సాహిత్య వెనక నుంచి.

అనిల్‌కుమార్ సంచిని గుద్దిన చేతినీ, తన్నిన కాలినీ మార్చి మార్చి చూసుకున్నాడు.

"సాహిత్యా... నా రాజా ఏడే?"

ఆమె తల ఎత్తకుండా కంచంలో పెరుగు కలుపుకుంది.

"గద్ద ఎత్తుకపోయింది. నేను చూసిన."