కలిపిన కలుగులు

జొన్నచేను కింద ఎలుకలు ఎవరి కలుగులో అవి బతికేవి. పొద్దుగూకితే కన్నానికి మట్టి పూడ్చుకునేవి.

“కలుగులన్నీ కలిపేద్దాం. ఒకరి గింజ అందరిదీ, ఒకరి కబురు అందరిదీ. ఇక మట్టెందుకు?” అంది తౌడమ్మ అనే తల్లెలుక. అన్నీ కలిసి తవ్వాయి. కొన్నాళ్లు నిజంగానే ఎవరూ పస్తులుండలేదు.

తరవాత ఏదో కన్నంలోంచి పాము దూరింది. అది తొందరపడలేదు. దారులన్నీ కలిసేచోట చుట్ట చుట్టుకుని కథలు చెప్పేది. పిల్లలు ఎగబడి వినేవి. వెళ్లినవాటిలో కొన్ని తిరిగొచ్చేవి కావు.

“దారులు పూడ్చేద్దాం!” అని తౌడమ్మ మొత్తుకుంది.

“తవ్వించింది నువ్వేగా అత్తా! ఆ కథలు లేకపోతే మాకు పొద్దెలా పోతుంది? అయినా పోయినవాళ్లు మనింటివాళ్లు కాదుగా,” అంది పక్క కలుగు ఎలుక.

తౌడమ్మ ఇంటికొచ్చి ఒక్కతే తన దారి పూడ్చసాగింది. మట్టి సగానికి వచ్చాక చూసుకుంటే చిన్నపిల్ల లేదు.

“నూకాలూ!” అని చీకట్లోకి కేకేసింది.

“వస్తున్నానమ్మా! మిగతా కథ మనింట్లో చెబుతానంది పాము. వెంటబెట్టుకొస్తున్నా!”

తౌడమ్మ మిగిలిన పిల్లల్ని వెనక్కి నెట్టి, గబగబా మట్టి ఎత్తి మిగతా దారీ పూడ్చసాగింది.