పన్నెండు బోల్టులు

వడ్రంగి సంచీ సర్దుకుంటున్నాడు.

ఉలి, సుత్తి, డ్రిల్లు మిషను, కొలత టేపు. ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి మరీ లోపల పెడుతున్నాడు.

వీధిలో అందరూ టైలరమ్మ అని పిలిచే ఆ ఇంటావిడకు ఆ నిదానం చూస్తే ఒళ్లు మండింది. పొమ్మన్నాక కూడా ఇంత తీరిగ్గానా?

పదకొండేళ్లు ఊరివాళ్ల బట్టలు కుట్టి, ఇంటి పక్కన ఆమె వేయించుకున్న వసారా అది. ఏడు కుట్టుమిషన్లు పెట్టి, ఏడుగురు ఆడవాళ్లకు పని నేర్పబోయే చోటు. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తుంటే ఆమెకు కాళ్లు నేల మీద ఆనడం లేదు.

కొత్తగా రంగు వేసిన ఇంటి గోడ పాడవకూడదని, వసారాను గోడకు జానెడు ఎడంగా నిలబెట్టమంది. గోడకు బిగిద్దామని వడ్రంగి మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ వద్దంది.

ఇవాళ దారాలు కొనుక్కుని బజారు నుంచి వచ్చేసరికి, ఎడంలో కర్ర దిమ్మలు, గోడలో పన్నెండు బోల్టులు దిగి ఉన్నాయి.

"ఎవరినడిగి చేశారు?"

"పెద్దమ్మగారిని అడిగానమ్మా."

లోపల మంచం మీది నుంచి అత్తగారు పలికింది. "నేనే చెయ్యమన్నానే. గోడలో సగం నాది. నా సగంలోనే కొట్టుకోమన్నాను."

వడ్రంగి నవ్వలేదు. "మీ ఇంటి ఇన్సూరెన్సు కాగితం ఎప్పుడైనా చదివారా అమ్మా?"

"మిమ్మల్ని పిలిచింది వడ్రంగానికి. ప్లీడరీకి కాదు."

అసలే ఆమెకు అతని మీద గురి లేదు. అరవై దాటిన మనిషి, ఉలి కన్నా పెన్సిలు బాగా పట్టుకుంటాడు. ఏ మేకు ఎక్కడ కొట్టాడో చిన్న పుస్తకంలో గుండ్రటి అక్షరాలతో రాసుకుంటాడు. రంపం పట్టే వేళ్లేనా ఇవి అని ఆమె ఎన్నిసార్లు వెక్కిరించిందో. అత్తగారు మాత్రం అతనికి బోల్టయ్య అని పేరు పెట్టి, పూటపూటా టీ ఇప్పించేది.

సంచీ భుజాన వేసుకుని అతను గేటు దగ్గర ఆగాడు.

"వసారా కట్టినట్టు ఇన్సూరెన్సు కంపెనీకి ఉత్తరం రాసి కుట్టుమిషను మీద పెట్టానమ్మా. సంతకం చేసి పంపండి. వానలు వెలిశాక వచ్చి బోల్టులు ఇంకోసారి బిగించి వెళ్తాను."

"అక్కర్లేదు."

గేటు చప్పుడైంది. ఆమె తల ఎత్తలేదు.

ఉత్తరం చించబోతే అత్తగారు లాక్కుంది. సంతకం పెడితే అరిగిపోతావా అని రెండు రోజులు పోరింది. ఆ పోరు పడలేక పంపింది.

ఆగస్టు చివర గాలివాన వచ్చింది.

పక్కింటి చెట్టు కూకటివేళ్లతో సహా లేచి వసారా మీద పడింది. కప్పు నుజ్జయింది. ఏడు మిషన్లలో అయిదు పనికిరాకుండా పోయాయి. పని నేర్చుకునే ఆడవాళ్లు గేటు బయటే నిలబడిపోయారు.

టైలరమ్మ ఏడవలేదు. మళ్లీ కట్టడానికి ఇంకో పదకొండేళ్లు తన దగ్గర లేవని మాత్రం ఆమెకు తెలుసు.

నష్టం చూడటానికి ఇన్సూరెన్సు కంపెనీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. విరిగిన కప్పు వైపు చూడనైనా చూడకుండా గోడ దగ్గరికి వెళ్లి, వేలితో లెక్కపెట్టింది.

పన్నెండు.

"బతికిపోయారండీ. విడిగా నిలబెట్టి ఉంటే ఇది పెరట్లో పడేసిన సామాను కింద లెక్క. చిల్లిగవ్వ రాదు. గోడకు బిగించారు కాబట్టి ఇది ఇల్లే. ముందే తెలియజేశారు కూడా. కప్పుకూ వస్తుంది, మిషన్లకూ వస్తుంది."

టైలరమ్మ గోడకు చెయ్యి ఆనించింది. అంత చెట్టు పడినా ఒక్క బోల్టు కదల్లేదు.

"మా బోల్టయ్య పని," అంది అత్తగారు, కన్నకొడుకు గురించి చెప్పుకున్నట్టు.

"వానలు వెలిశాక వస్తానన్నాడు," అంది టైలరమ్మ. "రానీ. అతనితో ఒక మాట అనాలి."

ఆ అమ్మాయి ఫైల్లోంచి ఉత్తరం తీసింది. గుండ్రటి అక్షరాల మీద వేలు పెట్టి చూపించింది. ఈ రాత మా ఆఫీసులో తెలియనివాళ్లు లేరండీ అంది.

ఇప్పుడు కొత్త వసారాలో పది మిషన్లున్నాయి. గోడకంతా మళ్లీ రంగు వేయించింది గానీ, ఆ పన్నెండు బోల్టుల తలల మీద చుక్క పడనివ్వలేదు. పనిలో చేరిన ప్రతి మనిషి చేతా మొదటి రోజు సూది పట్టించదు, వాటిని లెక్కపెట్టిస్తుంది. ఎవరు బిగించారని అడిగితే తల పైకెత్తి చెబుతుంది, ఆ రోజు కంపెనీ అమ్మాయి తనకు చెప్పిన మాటనే.

ఇంటికి అంటుకోని దానికి పైసా ఇవ్వొద్దని పాతికేళ్ల కిందట ఆ నిబంధన రాసింది, దానితో రెండు వందల ఇళ్ల నష్టపరిహారపు అర్జీలు కొట్టేసింది, ఆ తరవాత ఆ కుర్చీలో కూర్చోలేక డ్రిల్లు మిషను సంచీలో వేసుకుని గడప గడపకూ తిరిగింది ఆ కంపెనీలో ఒకప్పటి పెద్ద ఆఫీసరే. గాలివానకు ఎనిమిది రోజుల ముందు, ఆగస్టు పంతొమ్మిదిన ఆయన చనిపోయారు, అందుకే మళ్లీ రాలేదు.