పాతరకం చిక్కుడు

ఇప్పుడు మా అనంతపురంలో మొక్కలు చావవు. ఎండకు వడియంలా ఎండినా, చెంబుడు నీళ్లు పోస్తే మర్నాటికి పచ్చగా లేస్తాయి. ప్రతి విత్తనంలోనూ ఏదో కాపాడే ప్రొటీన్ చేర్చారట. మా అమ్మ ఇచ్చిన చిక్కుడుపాదు ఒక్కటే పాతరకం. దాన్ని పక్కవీధిలో ఉండే మనవరాలు కేతకికి అప్పగించి చెల్లెలి ఊరికి వెళ్లాను. ఇరవై రోజులకు తిరిగొస్తే పాదు కట్టెలా ఉంది.

"నీళ్లు పోయలేదేమే?"

"ఇప్పుడు పోసినా కదవ్వా, రేపు లేస్తాదిలే!"

మూడు రోజులు పాదు దగ్గరే కూర్చుంది. నాలుగోనాడు "ఇంక లేయదా అవ్వా?" అని ఏడ్చింది. పిచ్చిపిల్ల, మొక్క చావడం ఎన్నడూ చూడలేదు.

ఎండుకాయ ఒలిచి గింజలు దాని చేతిలో పెట్టాను. "దీనికి దినామూ పోయాలమ్మా."

నెలకోసారి వచ్చే పిల్ల ఇప్పుడు రోజూ పొద్దున్నే వస్తోంది. మొలకలకు నీళ్లు పోసి, నావైపు తిరుగుతుంది.

"నువ్వు తాగినావా అవ్వా?"