ఏనుగు తవ్విన చెలమ

వాన ముఖం చాటేసిన ఓ ఏడు అడవిలో వాగు ఎండిపోయింది. ముట్టెమ్మ అనే ముసలి అడవిపంది ఇసుకలో చిన్న చిన్న చెలమలు తవ్వి, అందరికీ ఇన్ని నీళ్లు అందించేది.

ఒకరోజు కొండ అవతలి నుంచి ఏనుగొకటి వచ్చి పెద్ద చెలమ తవ్వింది. తేటనీళ్లు ఉబికాయి.

"ముందు నేను తాగుతాను, తర్వాత మీరు. మీ చెలమలు మాత్రం పూడ్చెయ్యండి. అవి ఉంటే నా ఊట తగ్గిపోతుంది" అంది ఏనుగు.

అందరూ సంతోషంగా పూడ్చేశారు. ముట్టెమ్మ కూడా పూడ్చింది. నీళ్లు నిజంగానే తియ్యగా ఉన్నాయి మరి.

కొన్నాళ్లకు అవతల వానలు పడ్డాయని విని ఏనుగు వెళ్లిపోయింది. అంత లోతు తవ్వేవాళ్లు లేక ఆ పెద్ద చెలమ ఇసుకతో పూడిపోయింది. అలవాటు తప్పిన ముట్టెమ్మ మళ్లీ తవ్వబోతే మూతి నెత్తురోడింది. దప్పికతో సోలిపోతున్న కుందేలు పిల్లల్ని చూసి తవ్వడం ఆపలేకపోయింది. చివరికి బురదనీళ్లు ఊరాయి.

"ఏనుగు నీళ్లు తేటగా ఉండేవి అత్తా" అంది జింక.

"ఉండేవే" అంది ముట్టెమ్మ, తవ్వుతూనే.

అవతల కూడా ఎండలు ముదిరాక ఏనుగు తిరిగొచ్చింది. "మళ్లీ తవ్వమంటారా?" అంది.

"తవ్వండి బాబూ, ముందు మీరే తాగండి. మా చెలమలు మాత్రం పూడ్చం" అంది ముట్టెమ్మ.

ఏనుగు ఆ చిన్న చెలమల వంక చూసింది. దానికీ దాహంగానే ఉంది. తవ్వడం మొదలుపెట్టింది.