అరచేయి దాటని డ్రాగన్

“అది తొండ, కొడుకా,” అన్నాడు కురుమయ్య బీడీ ముట్టించుకుంటూ.

కృష్ణకాంత్ తండ్రి వైపు తిరగనైనా లేదు. అద్దాల పెట్టెకు స్కేలు ఆనించి లోపలున్న దాని తోక కొలుస్తున్నాడు.

“బియర్డెడ్ డ్రాగన్, బాపూ. ఆస్ట్రేలియాది. గొర్ల ఎంబడి తిరిగినోనికి చెప్తే ఏం తెలుస్తది?”

“ఆస్ట్రేలియల తొండలుండయా?”

“దీనికి గడ్డముంటది.”

“ఏదీ, సూపియ్యి?”

“పెద్దగైనంక వస్తది!”

“మంచిది. నేను పోయేలోపు వస్తే సూస్త.”

జడ్చర్ల మందుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ అయినప్పటి నుంచి కృష్ణకాంత్ కంటికి ఇంట్లో ఎవరూ ఆనడం లేదు. కుక్కను పెంచితే తానూ అందరిలాంటివాడే అవుతాడని, దసరాకు ఈ జంతువును తెచ్చి ముందు గదిలో పెట్టాడు. అప్పుడది అరచేయంత ఉంది. చలికాలంలో కంపెనీ ట్రైనింగుకని పూణె పోయి వచ్చాడు. ఇప్పుడు ఎండలు ముదిరాయి. అది మాత్రం అరచేయి దాటలేదు.

“అంతా నీ నిర్వాకమే,” అన్నాడు భార్య నిరోషతో. “పురుగులెయ్యవు, టయానికి ఎచ్చగుండ బలుబెయ్యవు. నీ చేతిల ఏది పెరుగుతది?”

“రోజు ఏస్తనే ఉన్న. మామను అడుగు.”

“ఆయన్నా? ఆయనకు తెల్సినయి గొర్రె, మేక. మూడోది లేదు.”

కురుమయ్య నవ్వాడు. “తొండను ఎంత మేపినా తొండంతనే అయితది. దున్నపోతయితదా?”

ఆ నవ్వుకు కృష్ణకాంత్‌కు ఒళ్లు మండింది. పట్నంలో ఇలాంటి జంతువులను చూసే డాక్టరమ్మకు అక్కడికక్కడే వీడియో కాల్ చేశాడు. తండ్రికి వినపడాలని స్పీకర్ పెట్టాడు.

ఆమె కాసేపు చూసింది. “ఇది మన గుట్టల్లో బండల మీద తిరిగే తొండండీ. ఇంతకంటే పెరగదు.”

కురుమయ్య గోడవైపు తిరిగి దగ్గాడు.

“కొన్నరోజు ఫోటో ఉంది మేడం, జర చూడండి,” అని కృష్ణకాంత్ పంపించాడు.

“ఈ ఫోటోలో ఉన్నది డ్రాగనే. కానీ మీ పెట్టెలో ఉన్నది అది కాదు. ఎవరో మార్చేశారు.”

కృష్ణకాంత్ ఫోను పెట్టేశాడు. తండ్రి ముందు పోయిన పరువంతా కోపమై నిరోష మీదికి మళ్లింది.

“పూణె పోయేటప్పుడు నీ చేతికే గద అప్పజెప్పిన. ఎవనికి అమ్మినవ్?”

“నేనెందుకు అమ్ముత? నాకేం కర్మ?”

“మరి మీ అన్నకిచ్చినవా? పోయినసారి వచ్చినప్పుడు దాన్నే గుడ్లప్పగించి చూసిండు. మీ ఖాందానే అంత, దొంగ ఖాందాన్!”

“మా అన్నను అనకు.”

“అంట! సర్దుకో బట్టలు. నా డ్రాగన్‌ను పట్టుకొస్తేనే ఈ గడప తొక్కాలె.”

నిరోష లోపలికి పోయి సంచీ తీసుకుని అందులో చీరలు కుక్కసాగింది. గడపదాకా వచ్చేసరికి కురుమయ్య బీడీ పారేసి ఆమెకు అడ్డం నిలబడ్డాడు.

“సంచి లోపల పెట్టు, బిడ్డా.” తర్వాత కొడుకు వైపు తిరిగాడు. ముఖంలో ఇప్పుడు వెటకారం లేదు.

“నువ్వు పూణెల ఉన్నప్పుడు అది చలికి సస్తే, దీన్ని పట్టి తెచ్చింది నేనే.”