ఊ చె పాఠాలు

సూరి పట్టపగలే దొంగతనానికి వెళ్ళాడు. బర్మాలో, మింగళ తౌంగ్‌న్యున్ అనే పేటలో, రైల్వే స్టేషనుకు దగ్గర్లో ఉన్న ఓ పాత మేడ నాలుగో అంతస్తులో ఒక తలుపు ఓరగా తీసి ఉంది. తలుపు మీద 'రాజబాబు' అని పేరు. తనలాగే తెలుగువాళ్ళు. సూరికి కాస్త సిగ్గేసింది గానీ ఆగలేదు.

లోపల ఒకటే గది. నేల మీద చాప పరుచుకుని ఒకావిడ నిద్రపోతోంది. మంచం మీద మాత్రం ఎవరో నిండా దుప్పటి కప్పుకుని పడుకున్నారు. ఫ్యాను గాలి కూడా అటే.

సూరి వెనక్కి తిరగబోయి ఆగాడు. దుప్పటి ఎక్కడా కదలడం లేదు. భయం భయంగా ఎత్తి చూశాడు. మనిషి కాదు. బారెడు పొడవున్న నల్ల సంచీ!

ఇంటావిణ్ణి నేల మీద పడుకోబెట్టి ఇది మంచం ఎక్కిందంటే లోపల బంగారమే ఉండాలి. సంచీని భుజాన వేసుకుని పిల్లిలా మెట్లు దిగాడు.

తన గదికి వెళ్ళి విప్పితే బంగారం లేదు. ఒక తెల్ల గొట్టం, మూడు కాళ్ళ స్టాండు, అరచేతిలో పట్టేంత మోటారు, ఒక ఇనప దిమ్మ ఉన్నాయి.

మర్నాడు చౌక్తడా పేటలో పాత కెమెరాలు కొని అమ్మే కోటిబాబు దగ్గరికి పట్టుకెళ్ళాడు.

"టెలిస్కోపురా ఇది," అన్నాడు కోటిబాబు. "చుక్కల్ని పొటోలు తీసీది. సరుకు మంచిదే. గానీ పనిసేస్తందో లేదో నాకేటి తెలుసు? దీంతో తీసిన పొటో ఒకటి సూపించు, అప్పుడు కొంటాను."

ఆ సాయంత్రం సూరి తానుండే మేడ పైకెక్కి, గొట్టం నిలబెట్టి కన్ను ఆనించాడు. చీకటి. ఎటు తిప్పినా చీకటే. సంచీ జేబులు తడిమితే ఒక చీటీ దొరికింది. 'పని చెయ్యకపోతే ఈ నంబరుకు వైబర్‌లో రాయండి. ఇట్లు, ఊ చె' అని బర్మా భాషలో రాసి ఉంది. చె అంటే చుక్క. ఊ అంటే గారు. చుక్కగారన్నమాట! అమ్మిన షాపువాడు కాబోలనుకుని సూరి కూడా బర్మా భాషలోనే రాశాడు.

"ఏమీ కనబడటం లేదు."

నిమిషంలో జవాబు. "ముందు మూత తియ్యి."

తీశాడు. గుంటలూ గతుకులతో సహా చంద్రుడు వచ్చి కంట్లో పడ్డాడు. సూరి 'అమ్మో' అని వెనక్కి గెంతాడు.

అక్కడి నుంచి రోజూ సందేహాలే.

"ఎదురు డాబా మీద కాకి తలకిందులుగా కనబడుతోంది. విరగ్గొట్టేశానా?"

"లేదు. అది అలాగే చూపిస్తుంది. చుక్కలకు తలా కాళ్ళూ ఉండవు, బెంగపడకు."

"ఫోను తగిలించి ఫొటో తీస్తే చుక్కలు గీతలుగా పడుతున్నాయి. నేనేం పాడుచేశాను?"

"నువ్వేమీ పాడుచెయ్యలేదు. భూమి తిరుగుతోంది."

తన జన్మలో సూరికి 'నీ తప్పు కాదు' అని చెప్పిన మనిషి ఊ చె ఒక్కడే. ఆ మాట రెండుసార్లు చదువుకున్నాడు. స్టాండును ధ్రువనక్షత్రం వైపు గురిపెట్టి, దిమ్మ జరిపి బరువు సరిచేసి, మోటారు వేస్తే గొట్టమే చుక్క వెంట నడుస్తుందని ఊ చె ఓపిగ్గా నేర్పాడు. ఇదివరకు వీధిలో కరెంటు పోతే సూరి సంచీ పట్టుకుని పనికి బయలుదేరేవాడు. ఇప్పుడు కరెంటు పోతే మేడ మీదికి పరిగెత్తుతున్నాడు. కోటిబాబు రెండుసార్లు కబురు పెట్టినా, ఇంకా పనిచెయ్యటం లేదని అబద్ధం చెప్పాడు.

నెల గడిచింది. ఒకరోజు ఊ చె ఇలా రాశాడు. "ఇవాళ గొల్లకావిడి కింద చూడు."

చూశాడు. ఫొటోలో గులాబీరంగు పొగలాంటి మేఘం పడింది. సూరి ఆనందంతో చిందులేసి, సగంలో ఆగిపోయాడు. అక్షరాలు బర్మావే. కానీ గొల్లకావిడి తెలుగు మాట! ఆ మూడు చుక్కలను అలా పిలవడం వాళ్ళ నాయనమ్మ దగ్గర తప్ప ఎక్కడా వినలేదు.

అయితే ఊ చె షాపువాడు కాడు, తెలుగాయన. టెలిస్కోపులున్న తెలుగువాళ్ళు ఈ ఊళ్ళో ఎందరుంటారు? రాజబాబే! తనను పాఠాలతో మాటల్లో పెట్టి, ఆచూకీ తీసి పోలీసులకు పట్టించబోతున్నాడు!

అమ్మేసి పారిపోవచ్చు. ఫొటో చేతిలోనే ఉంది. కానీ కోటిబాబు దుకాణంలో ఆ గొట్టం దుమ్ము కొట్టుకుంటూ ఉంటుందనుకుంటే సూరికి దుఃఖం వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం, రాజబాబు ఆఫీసులో ఉండే వేళ చూసుకుని, నాలుగో అంతస్తు ఎక్కాడు. సంచీని గుమ్మం ముందు దించి, చివరిసారి నిమురుతుండగా తలుపు తెరుచుకుంది. చాప మీద పడుకున్నావిడే. రాజబాబు భార్య గంగాభవాని.

సూరి ఆవిడ కాళ్ళ మీద పడ్డాడు. "తప్పయిపోనాదమ్మా! పోలీసులకి సెప్పొద్దని మీ ఆయనతో సెప్పండి. ఒక్క గీత పడనివ్వలేదు. అద్దం మెత్తటి గుడ్డతోనే తుడిసేను."

గంగాభవాని ముందు మెట్లవైపు తొంగిచూసింది. సంచీ ఎత్తి మళ్ళీ సూరి భుజానికే తగిలించింది. గబగబా లోపలికెళ్ళి ఒక పెట్టె తెచ్చి చేతిలో పెట్టింది.

"కెమెరా ఇది. ఇదీ పట్టుకుపో. మా ఆయన వచ్చీ లోపల వెనక మెట్ల మీంచి దిగిపో!"

సూరికి ఏమీ అర్థం కాలేదు. "మరి... ఊ చె గారు ఏటంటారో?"

"నానేరా ఊ చెని! తలుపు ఓరగా తీసుంచి, సంచీలో సీటీ ఎట్టిందీ నానే! నువ్వు తిరిగి తెచ్చీకూడదనే కదా నాయినా, నెల్లాళ్ళబట్టి కూకుని నీకు పాటాలు సెప్తన్నాను!"