అరుగు ఎవరిది

"అవ్వా, మిల్లు లారీలకు వీధి వెడల్పు చేయాలని మునిసిపాలిటీవాళ్ళు మన అరుగు కొట్టను వచ్చినారు!" మంగళం కాలు నిలవక గుమ్మానికీ వంటింటికీ మధ్య తిరుగుతోంది.

బయట తాత అరుగుమీద కూర్చుని కేకలేస్తున్నాడు. "ముందు నామీద ఏయండ్రా గడ్డపార!"

"నువ్వైనా వాళ్ళను ఆపవ్వా."

నాచ్చియారవ్వ చేతిలోని చేట దించింది. "నేనెందుకు ఆపేదే? ఆ అరుగుమీద ఆడవాళ్ళం ఒకనాడైనా కూర్చున్నామా? మీ తాత అక్కడనుంచి ఊరంతా చూసినాడు. నేను ఈ కిటికీలోనుంచి ఆయన వీపు చూసినాను."

మంగళం నిలబడిపోయింది. పెద్దమనిషైన నాటినుంచి తనూ ఆ అరుగు ఎక్కలేదు. ఇంతసేపూ దానికోసమే ఏడుపు దిగమింగుకుంటోంది.

అవ్వ కిటికీ ఒక రెక్క తెరిచి, "ఏమండీ, లేచి లోపలికి రాండి. వాళ్ళను కొట్టనీండి" అంది.

తాత తిరిగి చూసేలోగా మంగళం రెండో రెక్క కూడా తెరిచేసింది.